బయట తాళం, లోపల పిల్ల

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మధ్యాహ్నానికే ఇల్లు చేరతారు. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల దగ్గర పనిచేసే తల్లి, ఆటో నడిపే తండ్రి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. నాయనమ్మ, తాత ఊళ్లో. వీళ్లు హన్మకొండలో కిరాయికి. ఆ నాలుగైదు గంటలు పిల్లను ఒక్కదాన్నే ఉంచొచ్చా?

చట్టం దీనికి వయసు చెప్పలేదు. కావాలని పిల్లల్ని నిర్లక్ష్యం చేస్తే మూడేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల జరిమానో, రెండూనో ఉండొచ్చని 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ చెబుతుంది, అంతే. మా అభిప్రాయం ఇది: ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని పది నిమిషాలు కూడా ఒంటరిగా వదలొద్దు. పది, పదకొండేళ్లు వచ్చాక పరీక్షించడం మొదలుపెట్టొచ్చు.

ఆ పరీక్ష చేతులతో జరగాలి. 'గ్యాస్ వాసనొస్తే ఏం చేస్తావ్?' అంటే ఏ పిల్లైనా గడగడా అప్పజెబుతుంది. చేసి చూపించమనండి. వంటింట్లో అడుగుపెట్టగానే చెయ్యి లైటు స్విచ్ మీదికి పోయిందంటే ఇంకా టైం రాలేదన్నమాట. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలబారుగా పరుచుకుంటుంది. స్విచ్ వేసినా, తీసినా వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. పిల్ల నేరుగా బయటికొచ్చి, పక్కింటివాళ్లను పిలిచి, అక్కడి నుంచే గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయాలి. అసలు ఇల్లు దాటే ముందు రెగ్యులేటర్ ఆపాల్సింది పెద్దవాళ్లే. అన్నం, కూర గిన్నెల్లో పెట్టి వెళ్తే పిల్లకు పొయ్యితో పనే ఉండదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు బయట తాళం వేసి పోవడం. దొంగల భయమో, రోడ్డు మీదికి పోతుందన్న బెంగో అర్థం చేసుకోదగ్గవే. కానీ కూలర్ వైరు కాలి గదిలో పొగ నిండితే ఆ పిల్లకు దారేది? కోతుల బాధకు కిటికీలన్నిటికీ జాలీలు బిగించేశాం. తలుపు లోపలి నుంచే తీసేలా ఉండాలి. పై గొళ్లెం అందక స్టూలెక్కాల్సి వస్తుంటే చేతికందే ఎత్తులో ఇంకొకటి పెట్టించండి. వానాకాలంలో చెక్క ఉబ్బి గడియ బిగుసుకుంటుంది, పిల్లతోనే పదిసార్లు తీయించి చూడండి. ఇంకో తాళంచెవి పక్కింట్లో ఉండాలి.

రేకు కూలర్‌లో నీళ్లు పోసే పని పిల్లలకు అప్పగించొద్దు. ఎర్తింగ్ లేని ప్లగ్గు, తడి చెయ్యి చాలు ప్రాణం మీదికి రావడానికి. పొద్దున్నే నింపి పెట్టండి, అయిపోతే ఫ్యాను వేసుకుంటారు. సంపు మూతకు తాళం ఉండాలి. పత్తికి కొట్టగా మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి మూలకు పెట్టే అలవాటు పల్లె ఇళ్లలో ఇంకా పోలేదు. ఎండకు దప్పికైన పిల్ల ఆ సీసాను ఏమనుకుంటుందో వేరే చెప్పాలా!

తనను తాను చూసుకోగల అక్కకు మూడేళ్ల తమ్ముణ్ని అప్పగించొద్దు. అది వేరే పని, చాలా పెద్ద పని. బకెట్‌లో తలకిందులుగా పడ్డ చిన్నపిల్లాడి అరుపు వినపడదు.

నంబర్లు గోడ మీద పెద్ద అంకెలతో రాయండి: అమ్మ, నాన్న, పక్కింటి పెద్దమ్మ, 112 (అత్యవసర సాయం), 108 (అంబులెన్స్), 1098 (పిల్లల హెల్ప్‌లైన్). ఎవరైనా తలుపు కొట్టి 'ఇంట్లో ఎవరున్నారు?' అంటే గొళ్లెం తీయకుండా 'అమ్మ స్నానం చేస్తోంది' అనడం నేర్పండి. 'మీ నాన్నకు యాక్సిడెంట్ అయింది, రా' అన్నవాడిని ఇంటివాళ్లకే తెలిసిన గుర్తుమాట అడగాలి.

మొదట కిరాణం దుకాణం దాకా పది నిమిషాలు వెళ్లిరండి. వారం తర్వాత అరగంట, ఆపైన గంట. ఎక్కడ తడబడినా వెనక్కి రండి. చీకటి పడ్డాక, ఉరుముల వానలో, జ్వరం ఉన్న రోజున ఎవరో ఒకరు తోడుండాల్సిందే. పిల్ల 'భయమైతుందమ్మా' అంటే వయసెంతైనా ఆగండి. పైకి చెప్పని భయాన్ని కనిపెట్టాలి: పట్టపగలే లైట్లన్నీ వేసి, టీవీ సౌండు పెంచి, మీరొచ్చేదాకా బాత్‌రూమ్‌కు కూడా లేవకుండా కూర్చుంటుందేమో గమనించండి.

ఇంత చేసినా తోడు దొరకని ఇళ్లు వందల్లో ఉంటాయి. ఒంటిపూట రోజుల్లో మధ్యాహ్న భోజనం అయ్యాక ప్రతి సర్కారు బడిలో ఒక గది, ఫ్యాను, తాగునీళ్లు, కనిపెట్టుకుని ఉండే ఒక ఆయమ్మ సాయంత్రం అయిదున్నర దాకా ఉండాలని అడుగుతున్నాం. వచ్చే మార్చికి ముందే జిల్లా విద్యాధికారులు ఆ ఉత్తర్వు ఇవ్వాలి.