హెర్రింగు బావగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హెర్రింగు చేప బావగారికి,

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్వీన్ నుంచి మీ బావమరిది నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అలవాటు కొద్దీ ఉభయకుశలం అని రాసేశాను గానీ, మీ క్షేమం ఎలా ఉందో కళ్ళారా చూసినవాణ్ణి. తల లేదు, ముల్లు లాగేశారు, తోలు వలిచేశారు, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి ఓ కాగితపు జెండా గుచ్చారు. ఇంతకు మించి యోగక్షేమాలు అడిగితే వెటకారం అనుకుంటారు.

ముందు వరస తేల్చుకుందాం. మాది గోదావరి జిల్లా. వరస కలపకుండా మాట మొదలుపెట్టడం మావల్ల కాదు. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఇలస అనిపించుకుని, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చేసరికి పులస అయిపోయే మా ఇంటి ఆడపడుచు ఒకావిడ ఉంది. శాస్త్రవేత్తలు మిమ్మల్నీ ఆవిడనీ క్లుపీఫార్మిస్ అనే ఒకే క్రమంలో చేర్చారు. అంటే మీరు పులసకి ఎక్కడో వేలువిడిచిన మేనబావ. ఆవిడకి బావ అయితే మాకూ బావే. బావగారిని ఆటపట్టించడానికి బావమరిదికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కాబట్టి, ఇక మొహమాటం లేకుండా రాస్తాను.

మీ మీద నా ఫిర్యాదు ఒక్కటే. మీకున్న పేరుకీ మీకూ పొంతన లేదు.

నెదర్లాండ్స్‌లో కొత్తగా దిగినవాడికి రెసిడెన్స్ పర్మిట్, బ్యాంకు ఖాతా, సెకండ్ హ్యాండ్ సైకిలు అయ్యాక మిగిలే పరీక్ష మీరే. ఆఫీసులో ఎవడో ఒకడు కాఫీ మిషను దగ్గర నిలబెట్టి, ముసిముసిగా నవ్వుతూ "పచ్చి హెర్రింగు తిన్నావా?" అంటాడు. ఆ "పచ్చి" అన్నప్పుడు వాడి కళ్ళు చూడాలి. తోక పట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి అమాంతం లోపలికి వదలాలని అభినయించి మరీ చూపిస్తాడు. చేప గిన్నెలో పడిందంటే చింతపండు పులుసులో కుతకుత ఉడికితే తప్ప బయటికి తియ్యని వంశంలో పుట్టినవాడికి అది వింటేనే టెన్షన్. పైగా మొన్నటిదాకా ఈదుతున్న చేపని అలాగే మింగుతారేమోనన్న భ్రమ కూడా కలిగిస్తారు.

సరే, బండి దగ్గరికి వెళ్ళాను. కాలవ మీద వంతెన పక్కన తెల్ల బండి, పైన ఎరుపు తెలుపు నీలం తోరణాలు. నా ముందు సూటూ బూటూ వేసుకున్న ఆరడుగుల పెద్దమనిషి, ఆయన ముందు కూరగాయల సంచీతో ఓ ముసలావిడ. బండివాడు పళ్ళెంలోంచి మిమ్మల్ని తీసి, పొట్టి కత్తితో ఓ గీత గీసి, వేళ్ళతో తోలు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. బనీను విప్పినంత తేలిగ్గా వచ్చేసింది. తర్వాత నడిముల్లు. అదీ చిన్న చప్పుడుతో ఊడొచ్చింది. మిగిలింది తోక దగ్గర అతుక్కుని ఉన్న రెండు పొడుగాటి కండలు. పైన బూడిద రంగు మెరుపు, లోపల లేత గులాబీ, మధ్యలో ముదురు ఎరుపు చార. ఈ తతంగం మొత్తం పట్టుమని అర నిమిషం పట్టలేదు. కత్తి వంక చూడనైనా చూడకుండా ఆ ముసలావిడతో వాన గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ చేతివాటానికి మాత్రం దణ్ణం పెట్టాలి. మా మార్కెట్లో బూడిద రాసి పొలుసు గీకే మహాతల్లులు చూసినా మెచ్చుకుంటారు.

తిన్నాక ఇంటికొచ్చి మీ పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీశాను. తీశాక ఒళ్ళు మండింది.

మీరు పచ్చి అని ఎవరు చెప్పారు బావగారూ? వల్లో పడ్డాక మీ మొప్పలూ, పేగుల్లో కొంత భాగమూ లాగేస్తారు. కాలేయాన్నీ క్లోమాన్నీ మాత్రం పనిగట్టుకుని లోపలే ఉంచుతారు. క్లోమంలో ఉండే ఎంజైములు ఉప్పుతో కలిసి మీ కండని మెత్తబరుస్తాయి. అంటే మిమ్మల్ని శుభ్రంగా ఊరబెడతారు. అదైనా చాలదని ఫ్రీజర్ ఒకటి. మీ కడుపులో అనిసాకిస్ అనే పురుగు కాపురం ఉంటుంది. దాన్ని తిన్నవాళ్ళకి కడుపునొప్పి వచ్చి ఆస్పత్రి పాలయ్యారు. అందుకని మిమ్మల్ని గడ్డకట్టించి తీరాలని 1968లో ఇక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. ఇరవై డిగ్రీల మైనస్‌లో కనీసం 24 గంటలు ఉండి వస్తే గానీ బండెక్కడానికి వీల్లేదు. కోతా, ఉప్పూ, ఊరడం, గడ్డకట్టడం, మళ్ళీ కరగడం, ఇన్ని సంస్కారాలు జరిగాక కూడా ఇంకా పచ్చి అని చెప్పుకు తిరుగుతున్నారంటే మీ పబ్లిసిటీ చూసేవాళ్ళకి జీతం పెంచాలి.

ఇంకోటి. మీ అధికారిక బిరుదు "హాలండు కొత్త హెర్రింగు". తీరా చూస్తే మీలో ఎక్కువమందిని పట్టేది డెన్మార్క్, నార్వే పడవలు. దిగేది అక్కడి రేవుల్లో. అంటే మీరూ నాలాగే బయటి దేశం నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్న బాపతే. నేను ఏళ్ళ తరబడి పన్ను కడుతున్నాను, రాత్రి క్లాసులకి వెళ్ళి డచ్చి భాష నేర్చుకుంటున్నాను, వానలో సైకిలు తొక్కాను. నాకెవరూ జెండా గుచ్చలేదు. మీరు లారీ దిగీ దిగగానే గుచ్చేశారు.

ఇక రుచి. అందరూ భయపెట్టినదానికి కనీసం కడుపులో ఓ తిప్పయినా తిప్పుతారని ఆశపడ్డాను. ఏమీ లేదు. చల్లగా, మెత్తగా, తగుమాత్రం ఉప్పగా, నాలుక మీద పెట్టగానే వెన్నలా జారిపోయారు. నీచు వాసన కూడా లేదు. నూనె మాత్రం దండిగా ఉంది. వసంతం దాకా బక్కచిక్కి, ఆ తర్వాత సముద్రంలో ప్లాంక్టన్ అనే చిట్టిచిట్టి నీటి ప్రాణుల్ని మెక్కి మెక్కి ఒళ్ళు చేస్తారట. కొవ్వు 16 శాతం దాటితే గానీ ఆ బిరుదు ఇవ్వరు. మా డాక్టరు ఏ అంకె చూసి నన్ను తిడుతున్నాడో, ఆ అంకె చూసే మీకు సన్మానం చేస్తున్నారు. మీ మూలంగా ఏదైనా ఘోరం జరిగిందంటే అది ఉల్లిపాయ వల్లే. మధ్యాహ్నం మీటింగులో నా పక్క కుర్చీ మెల్లగా జరిగి జరిగి కిటికీ దాకా పోయింది. రోటర్‌డామ్ వాళ్ళు ఉల్లిపాయని చిన్నచూపు చూస్తారు. పూర్వం పాతబడ్డ సరుకు రుచి కప్పిపుచ్చడానికి వేసేవారని వాళ్ళ వాదన. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు మిమ్మల్ని ముక్కలు కోసి ఉల్లిపాయా, ఊరిన దోసకాయా పెట్టుకుని పుల్లతో గుచ్చి తింటారు. తోక పట్టుకుని ఊపేవాళ్ళు వీళ్ళని చూసి నవ్వుతారు. ఈ రెండు ఊళ్ళ తగవులో నేను దూరను, మాకు ఉన్నవి చాలు.

మా వాళ్ళ గురించి కూడా మీతో చెప్పుకోవాలి, బంధువులు కదా. మిమ్మల్ని తింటున్న వీడియో కుటుంబం గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో మా పెద్దమ్మ ఫోను. "ఒరేయ్, అక్కడ గ్యాసు దొరకదా?" అంది. ఆవిడని నేను తప్పు పట్టను. ఆవిడకి ఒక సిద్ధాంతం ఉంది, దాని మీదే నిలబడింది. నా మంట అంతా ఇక్కడ ఉన్న మనవాళ్ళ మీద. మిమ్మల్ని చూసి "ఛీ, పచ్చిదా?" అని ముక్కు మూసుకున్న మహానుభావుడే, శుక్రవారం టీమ్ డిన్నర్‌లో సూషీ పళ్ళెం ముందు కూర్చుని చెక్క పుల్లలతో సాల్మన్ ముక్క ఎత్తి "సో ఫ్రెష్!" అంటాడు. అది పచ్చి కాదా? అదీ పచ్చే, మీకంటే పచ్చి. ఊరలేదు కూడా. కాకపోతే నల్ల పళ్ళెంలో వచ్చింది, బిల్లు పాతిక యూరోలు అయింది, లైటు కాస్త మసకగా ఉంది. మీరు రోడ్డు మీద, అట్ట పళ్ళెంలో, మూడు నాలుగు యూరోలకి దొరుకుతున్నారు. అదీ మీరు చేసిన నేరం. రేపణ్ణుంచి మీ రేటు నాలుగింతలు చేసి, పక్కన ఆకుపచ్చ ముద్ద ఒకటి పెట్టించండి. మా వాళ్ళంతా వారం ముందే టేబుల్ బుక్ చేసుకుంటారు.

రేటంటే గుర్తొచ్చింది. ఏటా జూన్‌లో మీ మొదటి పీపాని వేలం వేస్తారు, పదుల వేల యూరోలకి పోతుంది, ఆ డబ్బు ఏదో మంచి పనికి ఇస్తారు. స్కెవెనింగెన్ రేవులో పడవలకి జెండాలు కట్టి ఊరంతా తిరునాళ్ళు చేస్తుంది. ఇదంతా చూసి మీరు మురిసిపోకండి. యానాంలో మీ మరదలు ఒక్కర్తే వేలంలో వేలకి వేలు పలుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని మాలో సామెత ఉంది. మీకు ఉన్న సామెత ఏమిటి? హెర్రింగు ఊళ్ళోకొస్తే డాక్టరు పక్కకి తప్పుకుంటాడట. చూశారా తేడా, మీ పేరు చెప్పి ఇక్కడివాళ్ళు ఆస్పత్రి ఖర్చు మిగుల్చుకుంటున్నారు, మా వాళ్ళు తాళిబొట్టు తాకట్టు పెడుతున్నారు. మావాళ్ళ అభిమానం ముందు మీవాళ్ళది ఏపాటి?

కానీ ఒక్క విషయంలో మిమ్మల్ని చూసి అసూయ. 1970ల్లో మిమ్మల్ని పట్టి పట్టి ఉత్తర సముద్రంలో మీ వంశమే అంతరించేలా తెచ్చారు. అప్పుడు 1977లో వేట మొత్తం ఆపేశారు. పండగలూ, పీపాలూ, బిరుదులూ అన్నీ ఉన్న దేశం కొన్నేళ్ళు నోరు కట్టుకుంది. మీరు మళ్ళీ పెరిగారు. మా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. అది ముగిసే రోజులకే మీకిక్కడ తోరణాలు కడతారు. ఆపైన వరదల్లో ఎదురీదుకుంటూ వచ్చే మీ మరదలికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం. ఆనకట్ట దాకా రాకుండానే వల అడ్డం. వలని తప్పించుకుంటే ఫేస్‌బుక్ లైవ్ అడ్డం. ఏటికేడు దొరకడం తగ్గుతోంది, రేటు పెరుగుతోంది, పేపర్లో ఫొటో పెద్దదవుతోంది. నోరు కట్టుకుందాం అన్న మాట మాత్రం ఎక్కడా వినపడదు.

మీ చరిత్ర తక్కువదేం కాదు, ఒప్పుకుంటాను. పద్నాలుగో శతాబ్దంలో బీర్‌ఫ్లీట్ ఊరి విలెం బోకెల్‌సోన్ అనే ఆయన మొప్పలు తీసి ఉప్పు పెట్టే పద్ధతి కనిపెట్టాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఆమ్‌స్టర్‌డామ్ మీ ముళ్ళ మీదే లేచిందంటారు. 1574 అక్టోబరు 3న స్పెయిన్ సైన్యం లైడెన్ ముట్టడి వదిలి పారిపోతే, ఆకలితో మాడుతున్న ఊరికి మిమ్మల్నీ తెల్ల రొట్టెనీ పంచారు. ఇప్పటికీ ఆ రోజున లైడెన్‌లో అదే పంచుతారు. అంతా బాగానే ఉంది. మీరు సంపాదించిపెట్టిన డబ్బుతో పడవలు కట్టుకుని మీవాళ్ళు 1605లో మా బందరు వచ్చారు. పాలకొల్లులో కోఠీ పెట్టారు, భీమిలిలో కోట కట్టారు, రెండు చోట్ల సమాధులు కూడా మిగిల్చారు. కలంకారీ బట్టలు ఓడలకెత్తి ఇక్కడి ఆడవాళ్ళకి గౌన్లు కుట్టించారు. పులస తిరిగే ఊళ్ళలో అన్నేళ్ళు మకాం వేసి, ఒక్కడైనా పొయ్యి దగ్గరికి వెళ్ళి ఆ కుండలో ఏముందని అడిగాడా? అడిగితే ఈపాటికి మీ బండి మీద ఉల్లిపాయ పక్కన బెండకాయా, పచ్చిమిర్చీ, కాస్త చింతపండూ కనపడేవి.

సీగల్ పక్షుల గురించి ఫిర్యాదు చేద్దామనుకున్నాను. అవి సముద్రపు పక్షులు, ఇక్కడ జనం వాటితో జాగ్రత్తగా ఉంటారు. స్కెవెనింగెన్‌లో తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, కళ్ళు మూసుకుని మిమ్మల్ని నోటికి అందించుకునే సరికి, వెనక నుంచి ఒకటి రెక్క నా చెవికి తగిలేంత దగ్గరగా వచ్చి మిమ్మల్ని తోకతో సహా ఎత్తుకుపోయింది. చేతిలో జెండా మిగిలింది. బండివాడు నవ్వలేదు. "అందుకే గోడకి వీపు ఆనించి తినాలి" అన్నాడు. ఆ మాట బండి మీద రాసి పెట్టొచ్చు కదా అన్నాను. రాసే ఉంది, డచ్చిలో. రాత్రి క్లాసుల్లో ఆ పాఠం ఇంకా రాలేదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరు. వచ్చే జూన్‌లో మా అత్తగారు వస్తున్నారు. పాలకొల్లు మనిషి. మిమ్మల్ని చూడాలని ముచ్చట పడుతున్నారు, చుట్టరికం సంగతి నేనే చెప్పాను. ఆవిడ దగ్గర మీ పచ్చి వేషాలు సాగవు. బండి ముందు నిలబడగానే ముందు వేలితో నొక్కి చూస్తారు. ఎన్ని గంటలకి పట్టారని అడుగుతారు. రేటు విని సగానికి అడుగుతారు, బండివాడికి తెలుగు రాకపోవడం ఆవిడకి అడ్డంకి కాదు. అవన్నీ నేను చూసుకుంటాను. నా భయమల్లా చివర అడిగే ప్రశ్న గురించే. కడుపులో గుడ్లున్న చేపేనా అని అడుగుతారు. గుడ్లు పట్టకముందే పట్టుకున్నవాటికే మీ బిరుదు ఇస్తారని నేను చదివాను. ఆ సంగతి ఆవిడకి చెబితే ఎంత మర్యాదస్తురాలైనా ఒక మాట అనకుండా ఉండరు. అన్నది మనసులో పెట్టుకోవద్దు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: పచ్చిమిర్చి మేమే తెచ్చుకుంటాం.