మహారాజశ్రీ జంట కార్బరేటర్ల వారికి

ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి పట్టించే మహారాజశ్రీ ఎస్‌యూ హెచ్4 జంట కార్బరేటర్ల గార్లకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ ఇంజను క్షేమం, గేర్‌బాక్సు క్షేమం. పెయింటర్ రేపు ఇస్తానన్న డిక్కీ డోరు కూడా ఏదో ఒక రేపటికి క్షేమంగా చేరుతుందని ఆశ. మీ క్షేమ సమాచారం మాత్రం నిన్న మధ్యాహ్నం పంజాగుట్ట చౌరస్తాలో నాలుగు దిక్కులకూ తెలిసిపోయింది. గ్రీన్ లైటు పడిన క్షణానే తమరు ఆరిపోయారు. ఎర్రటి ఎంజీఏ స్పోర్ట్స్ కారు, టాపు లేని బండి, నడినెత్తిన ఎండ. ఫొటోలు తీసిన వాళ్లలో ఒక్కరూ తోయడానికి రాలేదు.

తమ వంశం గొప్పదే, కాదనం. 1910లో కంపెనీ పెట్టిన స్కిన్నర్లది చెప్పుల వ్యాపారం చేసిన కుటుంబం. మీ ముత్తాతల పొట్టలో పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేదట. తోలు పోయింది గానీ, మనుషుల్ని చెప్పులరిగేలా తిప్పుకునే గుణం మాత్రం మీ దాకా వచ్చింది.

మెకానిక్‌ల మాట సరే. "అంబాసిడర్ ఇంజనే గద సార్" అంటారు. నిజమే, అదే బీఎంసీ బీ సిరీస్, అదే 1489 సీసీ. కానీ అంబాసిడర్‌కి కార్బరేటర్ ఒక్కటే. అందుకే టాపెట్లు, పాయింట్లు, టైమింగ్ దాకా చెయ్యి కత్తిలా ఆడిన మనిషి మీ దగ్గరికి రాగానే స్క్రూడ్రైవర్ కింద పెట్టి చాయ్ తెమ్మంటాడు.

ఆ చాయ్ గ్యాప్‌లోనే మరో మనిషి వచ్చి మీ పిస్టన్ల మీది మూతలైన డోమ్‌లు విప్పి, లోపల మెరవాలని ఎమరీ పేపర్ పెడతాడు. డోమ్, పిస్టన్ జతగా పుట్టినవి. వాటి మధ్య ఖాళీ వెంట్రుకవాసి. రుద్దితే వాక్యూమ్ కారిపోతుంది, ముందుదాని డోమ్ వెనకదానికి పెడితే పిస్టన్ పట్టేస్తుంది. పెట్రోలు పోసిన మెత్తటి గుడ్డ చాలు. డోమ్ స్క్రూ పోతే ఎం5 తెచ్చి బిగించేవాళ్లున్నారు. పాతది బ్రిటిష్ కొలత 2 బీఏ: 4.7 మిల్లీమీటర్ల లావు, 0.81 పిచ్ (మర చుట్ల మధ్య దూరం). ఎం5కి పిచ్ 0.8 కాబట్టి రెండు చుట్లు సుఖంగా వెళ్తుంది, మూడో చుట్టుకి అల్యూమినియం తోడు తెచ్చుకుంటుంది.

అవన్నీ క్షమించాం. క్షమించలేనిది మీ థ్రాటిల్ స్పిండిల్.

స్పిండిల్ అంటే గాలి దారి తెరిచి మూసే బటర్‌ఫ్లై రేకుని మోసే కడ్డీ. అరవై ఏళ్లు తిరిగితే అదీ అరుగుతుంది, దాన్ని పట్టుకున్న బాడీ రంధ్రమూ కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఐడిలింగ్‌లో బటర్‌ఫ్లై దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి ఇంజను పీల్పు అంతా ఆ సందు మీదే. అక్కడ దూరిన గాలికి పిస్టన్‌తో గానీ పెట్రోలు వదిలే జెట్‌తో గానీ పని లేదు, లెక్కాపత్రం లేకుండా లోపలికి పోతుంది. మిక్స్చర్ పలచబడి ఇంజను తడబడుతుంది. మనం జెట్ నట్ రెండు ఫ్లాట్లు (నట్ ముఖాలు) కిందికి తిప్పి రిచ్ చేస్తాం, అంటే పెట్రోలు పాలు పెంచుతాం. ఐడిలింగ్ కుదురుతుంది. రోడ్డెక్కి రేస్ ఇచ్చేసరికి ఆ దొంగగాలి వాటా తగ్గిపోయి, ప్లగ్గులు మసిబొగ్గులవుతాయి. మళ్లీ పైకి తిప్పుతాం, మళ్లీ సిగ్నల్ దగ్గర ఆగుతుంది. కాలు తీసిన ప్రతిసారీ కడ్డీ ఒక్కో చోట కూర్చుంటుంది కాబట్టి సెట్టింగ్ నిలవనే నిలవదు. ఊళ్లో "జంట కార్బరేటర్లు ట్యూనింగ్‌కి లొంగవు" అని తమరికున్న పేరు సగం ఈ సందు పుణ్యమే.

పైగా తప్పు ఇద్దరిలో ఎవరిది? వాలి ఎవరో సుగ్రీవుడెవరో తేల్చుకోలేక రాముడంతటివాడే మొదటిసారి బాణం దించాడు, మెడలో మాల పడ్డాక గానీ గురి కుదరలేదు. మీ విషయంలో ఆ మాల పని కార్బ్ క్లీనర్ డబ్బా చేస్తుంది. ఇంజను వేడెక్కాక ఒక్కో స్పిండిల్ చివర చిటికెడు కొట్టాలి. ఆర్పీఎం కదిలిన చోట గాలి దూరుతున్నట్టు. చిటికెడే! ఈ ఇంజనుకి సైలెన్సర్ మానిఫోల్డ్ మీ కిందనే, అదే పక్కన ఉంటుంది. అగ్గి ఆర్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోకుండా ఈ పరీక్ష చేసేవాడికి బండి కంటే ముందు బుద్ధి బాగుచేయాలి.

మందు తెలిసిందే. బాడీని డ్రిల్లింగ్ మెషీన్ మీద చదరంగా కట్టి, ఒకవైపు నుంచి పెట్టిన డ్రిల్ రెండో వైపు వచ్చేదాకా ఒకే దెబ్బలో పోనివ్వాలి. కంచు బుష్‌లు దించాలి. రెండు బుష్‌లనూ ఒకేసారి దాటేంత పొడవు రీమర్‌తో, అంటే రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి నునుపు చేసే పనిముట్టుతో, 5/16 అంగుళానికి తెరవాలి. కొత్త స్పిండిల్ నూనె చుక్కతో దానంతటదే తిరగాలి. అంగుళాల రీమర్ కావాలంటే రాణీగంజ్ టూల్ షాపుల్లో అడిగి, కొని, స్వయంగా చేతిలో పెట్టాలి.

పెట్టాం. బాలానగర్‌లో ఒక లేత్ షాపు వారికి బాడీలు, బుష్‌లు, రీమర్, చివరికి కాగితం మీద బొమ్మ కూడా. వచ్చిందేమిటి? రీమర్ డబ్బా సీలు ఊడలేదు. రంధ్రాలు 8 మిల్లీమీటర్లు. అదీ ఒక్కో వైపు నుంచి విడివిడిగా కొట్టినవి, ఒకదానికొకటి ఎదురుపడవు.

"ఎనిమిదే గద సార్, సెట్ అయితది."

అయ్యా, 5/16 అంగుళం అంటే 7.94. తేడా ఆరు వందో వంతుల మిల్లీమీటరు, అంటే రెండున్నర థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). కొత్త బుష్‌కి ఉండాల్సిన ఖాళీయే ఒకటి రెండు థౌ! అంటే డబ్బు పోసి, బస్సు ఛార్జీలు పోసి, కొత్త కంచుతో అరవై ఏళ్ల అరుగుదలను తిరిగి తయారు చేయించుకున్నాం. ఎదురుపడని చోట కడ్డీ పట్టేస్తుంది, ఎదురుపడిన చోట గాలి పీలుస్తుంది. ఒకే ముక్కలో రెండు రోగాలూ తెప్పించడం మామూలు పనితనం కాదు. రీమర్ ఎందుకిచ్చామనుకున్నారు, దిష్టి తీయడానికా? నిన్నటి పంజాగుట్ట ఈ ఎనిమిది మిల్లీమీటర్ల ప్రసాదమే.

తమరికి ఇది చాలదన్నట్టు బంకులో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2025 నాటికి ఎక్కడ చూసినా అదే. పెట్రోలుకి ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అసలే గాలి ఎక్కువై ఏడుస్తున్న మీకు ఇది పుండు మీద కారం. జెట్ నట్ ఇంకాస్త దిగాలి, జెట్‌లో దిగే నీడిల్ ఒక సైజు రిచ్ వెయ్యాలి, పాత రబ్బరు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి మార్చాలి. జెట్ కింద ఉండే బెండు సీళ్లు బండి నిలబడితే ఎండిపోయి చుక్కలు కారుస్తాయి. బిగించే ముందు వాటిని నూనెలో నానబెట్టాలి, లేదా వైటాన్ రబ్బరు రింగులకు మారాలి. మే నెలలో మానిఫోల్డ్ వేడికి మీ ఫ్లోట్ గిన్నెల్లో పెట్రోలు ఉడుకుతుంటే, మధ్యలో హీట్ షీల్డ్ రేకు "పాతదే, తుప్పు" అని పారేసిన మహానుభావుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఇక సర్కారు వారి సంగతి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 రూలు ప్రకారం వీఏ సిరీస్ నంబరు, రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు. రోజూ తిప్పకూడదు, ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, మరమ్మతుకి బయటికి తీయవచ్చు. తమ దయవల్ల రూలు తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం. మరమ్మతుకి తప్ప గేటు దాటడం లేదు.

మిమ్మల్ని పీకేసి ఒక 45 వెబర్ కార్బరేటర్ పెట్టమనే శ్రేయోభిలాషులకు లోటు లేదు. దానికి చోకులు, మెయిన్ జెట్లు, ఎయిర్ జెట్లు, ఎమల్షన్ ట్యూబులు, ఒక డబ్బా నిండా. మీకు ఒక జెట్, ఒక నీడిల్, కింద ఒక నట్. పిస్టన్ ఎత్తి వదిలితే "టక్" మని దిగిందంటే జెట్ నడిమధ్యన ఉన్నట్టు. దాన్ని అంగుళంలో 32వ వంతు ఎత్తితే ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్, పడిపోతే లీన్ (పెట్రోలు తక్కువ), క్షణం పెరిగి సర్దుకుంటే సరి. ఇంత చెవికి తెలిసేలా తన రోగం తానే చెప్పుకునే యంత్రం ఇంకొకటి చూపించండి. పాపిష్టి వాళ్లారా, అందుకే కదా వదల్లేకపోతున్నాం. స్పిండిల్ గట్టిపడ్డ రోజున, చెవికి రబ్బరు ట్యూబు పెట్టి రెండు గొంతుల్లో బుస ఒకే స్థాయికి వచ్చేదాకా తిప్పి లింకు బోల్టులు బిగించాక, మూడో గేర్‌లో మీరు తీసే ఆ శబ్దం... సరే, ఎక్కువ పొగిడితే ఎక్కుతారు.

బాడీలు మళ్లీ విప్పాం. ఈసారి లేత్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాం, రీమర్ సీలు కళ్లెదుట ఊడాలి. బటర్‌ఫ్లై స్క్రూలు రెండూ కొత్తవి. డిస్కు నడిమధ్య కూర్చున్నాక వాటి చీలిన కొసలు విప్పార్చి గానీ బాడీ ఇవ్వబోమని ముందే చెప్పాం. ఆ స్క్రూ ఊడితే పోయేది సిలిండర్‌లోకే.

ఇట్లు,
తమ యజమానులమని భ్రమపడుతున్నవారు

తా.క. డోమ్ పైన నూనె 20 నంబరే పోయాలి, పిస్టన్ బోలు కడ్డీ కొసకి అర అంగుళం పైకి. పోయినసారి ఎవరో కుట్టుమిషను నూనె పోశారు. ఎవరో మాకు తెలుసు, మా ఇంట్లోనే తింటున్నాడు.