సవరణ: తరగతుల సమతూకం గురించి

‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆన్‌లైన్ ఆటలోని పోరాటాల గురించి ఇంతకు ముందు రాసిన టపాలో, ఏ తరగతి (ఆటగాడు ఎంచుకునే పాత్ర రకం) పాత్ర అయినా ముఖాముఖి పోరులో మిగిలిన అన్నిటితో సమానంగా నిలవనక్కరలేదని అన్నాను. సమతూకమే అక్కరలేదని నేను వాదించినట్టు కొందరు పాఠకులు దాన్ని అర్థం చేసుకున్నారు కనుక ఈ వివరణ.

జట్టుగా ఆడేందుకు రూపొందిన ఆటలో రోగ్ (చాటుగా దాడి చేసే పాత్ర) చేతిలో మేజ్ (మంత్రగాడు) తరచుగా ఓడిపోవడం దానికదే అన్యాయం కాదు. దెబ్బ తిన్నవాడికి తిరిగి ఏదైనా చేసే అవకాశమే లేకపోవడం అన్యాయం. మేజ్ ప్రత్యర్థిని గొర్రెగా మార్చే మంత్రం పాలీమార్ఫ్‌నే తీసుకుంటే, అదే ఆటగాడిపై దాన్ని వెంటవెంటనే ప్రయోగించినప్పుడు రెండోసారి ప్రభావం సగానికి, మూడోసారి పావుకు తగ్గి, ఆ తర్వాత కొద్దిసేపు అసలు పనిచేయకుండా పోయే నియమం ఆ ఆటలో చాలా ఏళ్లు అమలైంది. మంత్రం బలాన్ని తగ్గించకుండా దాని దుర్వినియోగాన్ని మాత్రమే అడ్డుకున్న ఈ పద్ధతి, నా దృష్టిలో, దెబ్బల వల్ల కలిగే నష్టం అంకెలను అదేపనిగా సవరించడం కన్నా మేలైనది.

ఆ టపాలో ఉదాహరణగా ఇచ్చిన పాలడిన్, షామన్ తరగతుల ప్రస్తావన వేరే కోవకు చెందుతుంది. 2004లో ఆట మొదలైనప్పుడు, అందులోని రెండు ప్రత్యర్థి పక్షాల్లో పాలడిన్ అలయన్స్‌కు, షామన్ హోర్డ్‌కు మాత్రమే దక్కేవి. 2007 జనవరిలో వచ్చిన ‘ది బర్నింగ్ క్రూసేడ్’ అనే ఆట విస్తరణ ఆ రెండు తరగతులనూ ఇరుపక్షాలకూ ఇచ్చింది. అది పక్షాల మధ్య తేడాయే కాని తరగతుల మధ్య తేడా కాదు కనుక, టపాలోని ఆ ఉదాహరణను తొలగిస్తున్నాను.