క్యాంపస్ లేని కాలేజీకి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ అమెరికా ఎలక్టోరల్ కాలేజీ వారి సముఖమునకు, గుంటూరు నుంచి ఇద్దరు అమెరికా ఓటర్ల తండ్రి నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి.

అయ్యా, అమెరికా కాలేజీలు మా ఇంటికి కొత్తవి కావు. పిల్లలిద్దరినీ చదువులకు పంపిన రోజుల్లో కన్సల్టెన్సీ మెట్లు అరిగేలా తిరిగి, ఐ-20 కాగితాలు, బ్యాంకు బ్యాలెన్సు పత్రాలు, వీసా స్లాట్లు అన్నీ చూసినవాణ్ణి. అయినా ఆ కన్సల్టెన్సీల జాబితాల్లో ఎక్కడా తమ పేరు కనబడలేదు. అధ్యక్షుణ్ణి తయారుచేసి బయటికి పంపే కాలేజీ మీరేనని, నవంబరులో ఓటు వేసే కోట్లాది జనం నిజానికి మీ విద్యార్థులను, అంటే ఎలక్టర్లను మాత్రమే ఎన్నుకుంటారని ఆలస్యంగా తెలుసుకుని, శ్రద్ధగా విచారించాను. తమకు భవనం లేదు, ప్రిన్సిపాలు లేరు, హాజరుపట్టీ లేదు. రాజ్యాంగంలో ఎలక్టర్ల ప్రస్తావన ఉంది గానీ 'ఎలక్టోరల్ కాలేజీ' అన్న మాటే లేదు. గుర్తింపు లేని కాలేజీలు మా దగ్గరా ఉన్నాయి గానీ, వాటి పట్టా పుచ్చుకుని ఎవరూ అణ్వాయుధాల మీట దగ్గర కూర్చోలేదు.

తమ దగ్గర ఉన్నవి 538 సీట్లు. ప్రతినిధుల సభ లెక్కన 435, సెనేట్ లెక్కన 100, రాజధాని వాషింగ్టన్ వాసులకు 1961లో రాజ్యాంగాన్ని సవరించి దయతలచిన 3. నాలుగేళ్లకు ఒకసారి, డిసెంబరులో ఒకే ఒక్క రోజు తరగతి జరుగుతుంది. ఆ రోజైనా విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఎవరి రాష్ట్ర రాజధానిలో వారు కూర్చుని, ముందే ఖరారైన జవాబును కాగితం మీద పెట్టి, సంతకం చేసి ఇళ్లకు వెళ్లిపోతారు. 2004లో మినెసోటాలో ఒక ఎలక్టరు జాన్ కెర్రీకి వేయవలసిన ఓటును ఆయన వెనుక ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జాన్ ఎడ్వర్డ్స్‌కు వేశారు, అదీ ఇంటిపేరులో ఒక అక్షరం మింగేసి. మా ఇంటర్ బోర్డు వారు అలాంటి జవాబుకు సున్నా చుట్టేవారు. మీరు మార్కు వేశారు.

ఇక మీ గుమ్మం దాకా రావడానికి అభ్యర్థి రాయవలసిన ఎంట్రన్సు పరీక్ష, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల గురించి చెప్పుకోవాలి. మా ఎంసెట్‌లో కనీసం అందరికీ ఒకటే సిలబస్ ఉండేది. మీ ఎంట్రన్సు జనవరిలో మొదలై జూన్ దాకా, రాష్ట్రానికో తేదీతో, రాష్ట్రానికో నిబంధనతో సాగుతుంది. మొదటి రెండు పేపర్లలో తప్పినవారిలో చాలామంది మూడోది రాయకుండానే ఇంటిదారి పడతారు. ఆ మొదటి పేపరును దశాబ్దాల పాటు అయోవా అనే మొక్కజొన్న చేల రాష్ట్రం దిద్దింది. ప్రపంచ రాజకీయాలను శాసించదలచినవాడు ముందు అక్కడి వేసవి సంతకు వెళ్లి, వెన్నతో చేసిన ఆవు బొమ్మ ఎదుట భక్తితో నిలబడి, పుల్లకు గుచ్చిన పందిమాంసం కెమెరాల ముందు కొరకాలి. ఆ తర్వాత గడ్డకట్టే చలిలో, బడుల్లో, చర్చిల్లో ఓటర్లు గుమికూడేవారు. డెమొక్రాట్లైతే ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల చొప్పున నిలబడేవారు, బలం చాలని గుంపు చెదిరి పక్క గుంపులో కలిసేది. చిన్నప్పుడు మేము కబడ్డీకి జట్లు కట్టిన పద్ధతి ఇంచుమించు ఇదే. 1976లో జిమ్మీ కార్టర్ అనే వేరుశనగ రైతు అయోవాలో నెగ్గి దేశానికి పరిచయమయ్యాడని అందరూ అంటారు గానీ, నిజానికి ఆ రాత్రి మొదటి స్థానం 'ఎవరికీ కట్టుబడము' అన్నవారిది, కార్టర్‌ది రెండో స్థానం. మన భాషలో చెప్పాలంటే నోటా ఫస్టు వచ్చింది. కానీ నోటాకు ఇంటర్వ్యూ ఇవ్వడం చేతకాదు కాబట్టి పత్రికలు కార్టర్‌నే ఫస్టుగా ప్రకటించాయి. ఆ అయోవాలోనే 2020లో లెక్కింపు యాప్ మొరాయించి ఫలితం రోజుల తరబడి తేలకపోవడంతో, డెమొక్రాట్లు తర్వాతి ఎన్నికలకు దాన్ని ముందువరుస నుంచి దించారు. న్యూహ్యాంప్‌షైర్ మరీ తెలివైనది. తమ ప్రైమరీ మిగతా రాష్ట్రాలకంటే కనీసం వారం ముందుండాలని చట్టమే చేసి పెట్టుకుంది.

ఈ ఎంట్రన్సులో సీట్ల కోటాలు కూడా మాకు తెలిసినవే. ప్రైమరీల్లో గెలుచుకున్న డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులు, కన్వీనర్ కోటా. డెమొక్రాటిక్ పార్టీ పెద్దలకు పదవితో పాటే వచ్చిన సూపర్ డెలిగేట్ హోదా మేనేజ్‌మెంట్ కోటా. ఈ రెండో కోటా మీద గోల పెరిగాక 2018లో దానికి ముకుతాడు వేసి, పోటీ ఉన్న మహాసభలో మొదటి విడత ఓటింగులో వారు నోరెత్తకూడదన్నారు. 2024 జూలైలో జో బైడెన్ తప్పుకున్నాక, ఒక్క ప్రైమరీ కూడా గెలవకుండా కమలా హారిస్‌కు దక్కినది అచ్చంగా స్పాట్ అడ్మిషన్. అవతలి పార్టీవారు మురిసిపోనక్కరలేదు. 2016లో రిపబ్లికన్ ప్రైమరీ ఓట్లలో సగమైనా రాని డొనాల్డ్ ట్రంప్‌కు, గెలిచినవాడికే అంతా కట్టబెట్టే రాష్ట్రాల పుణ్యమా అని డెలిగేట్లు మాత్రం సగానికి మించి వచ్చారు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ జాలి కలిగించే మనిషి డెమొక్రాటిక్ నాయకుడు జార్జ్ మెక్‌గవర్న్. 1968లో ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని హ్యూబర్ట్ హంఫ్రీని షికాగో మహాసభ అభ్యర్థిగా నిలబెట్టి, బయట వీధుల్లో లాఠీలు విరిగాక, నామినేషన్ జనం చేతికి రావాలంటూ పార్టీ ఒక సంఘాన్ని వేసింది. దానికి తొలి అధ్యక్షుడు ఈయనే. కొత్త సిలబస్ రాసిన చేత్తోనే 1972లో పరీక్ష కూడా రాసి, నామినేషన్ గెలిచి, తీరా తమ సన్నిధిలో ఫైనల్‌కు కూర్చుంటే వచ్చినవి 538కి 17 మార్కులు.

అయ్యా, తమ మూల్యాంకనం మీద నాకున్న అసలు సందేహానికి వస్తాను. 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్‌లో 5 లక్షల 77 వేల మంది ఉన్నారు, వారికి 3 ఎలక్టర్లు; కాలిఫోర్నియాలో 3 కోట్ల 95 లక్షల మంది ఉన్నారు, వారికి 54. అంటే వయోమింగ్‌లో సుమారు 1 లక్షా 92 వేల మందికి ఒక ఎలక్టరు దొరికితే, కాలిఫోర్నియాలో 7 లక్షల 32 వేల మంది కలిసి ఒకరిని పంచుకోవాలి. మా రాష్ట్రపతిని ఎన్నుకునేదీ ఒక గణమే కాబట్టి మిమ్మల్ని చూసి నవ్వే హక్కు నాకు పూర్తిగా లేదు. కానీ అక్కడ ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 208, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132, సిక్కిం ఎమ్మెల్యేది 7. లెక్కలు 1971 నాటివే అయినా, జనం ఎక్కువున్న చోట బరువు తగ్గించాలన్న ఆలోచన మాకెవరికీ తట్టలేదు.

పైగా మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడికి రాష్ట్రం మొత్తం రాసిచ్చేస్తారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది మరొక దారి అంటారు. ఇక్కడ ఆ రెండు ఉలిపికట్టెలే సగం న్యాయంగా నడుస్తున్నాయి. 2000లో దేశం మొత్తం మీద అల్ గోర్‌కు 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి; ఫ్లోరిడాలో 537 తక్కువయ్యాయి కాబట్టి అధ్యక్షుడు జార్జ్ బుష్ అయ్యాడు. 2016లో హిల్లరీ క్లింటన్ 28 లక్షలకు పైగా ఆధిక్యంతో ఇంట్లో కూర్చుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్న మాట మీ గుడిని చూశాక నాకు బాగా అర్థమైంది. 2020లో బైడెన్ 70 లక్షల ఓట్ల తేడాతో గెలిచినా, అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో కలిపి సుమారు 43 వేల ఆధిక్యం అటు మొగ్గకుండా ఉంటే 269కి 269 అయ్యేది. అప్పుడు ప్రతినిధుల సభలో రాష్ట్రానికొక్క ఓటు చొప్పున తేల్చాలట. వయోమింగ్‌కూ ఒకటి, కాలిఫోర్నియాకూ ఒకటి.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి డాలస్ దగ్గర, మా అబ్బాయి ఉత్తర కరోలినాలో రాలీ దగ్గర ఉంటారు. ఇద్దరికీ పౌరసత్వం వచ్చింది, ఇద్దరూ పన్నులు కడుతున్నారు. 2024 శరదృతువులో అబ్బాయి ఫోనుకు రోజూ డజన్ల కొద్దీ సందేశాలు, పోస్టు పెట్టె నిండా రంగుల కరపత్రాలు, సాయంత్రం అన్నం తినే వేళకు తలుపు తట్టే కార్యకర్తలు. అల్లుణ్ణి దసరాకు పిలిచినా అంత మర్యాద జరగదు. అమ్మాయి ఇంటి తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు. 1976లో కార్టర్ తర్వాత టెక్సాస్ ఏ డెమొక్రాట్‌కూ దక్కలేదు గనుక, ఆమె రిపబ్లికన్‌కు వేస్తే నిండిన కుండలో చెంబెడు నీళ్లు, డెమొక్రాట్‌కు వేస్తే బూడిదలో పోసిన పన్నీరు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, ఉత్తర కరోలినా, అరిజోనా, నెవాడా అనే ఏడు రాష్ట్రాలు దాటి అభ్యర్థి బయటికి వచ్చేది ముఖ్యంగా చందాలకే. మా తెలుగువారు వేలకు వేలుగా కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో, టెక్సాస్‌లో ఇళ్లు కొనుక్కున్నారు. బడి బాగుందా, బియ్యం దొరుకుతాయా, గుడి దగ్గరా అని వాకబు చేశారే తప్ప, అక్కడ ఓటుకు విలువ ఉందా అని ఒక్కరూ అడగలేదు.

చిన్న రాష్ట్రాల రక్షణకే తమరు అవతరించారని తమ భక్తులు చెబుతారు. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవారు బానిసను ఐదింట మూడు వంతుల మనిషిగా లెక్కగట్టి దక్షిణాదికి సీట్లు పెంచారు. ఆ సీట్లే మీ దగ్గర ఎలక్టర్లయ్యాయి. ఓటు లేని మనిషి లెక్కకు పనికివచ్చాడు, ఆ లెక్క యజమాని ఖాతాలో పడింది. మొదటి 36 ఏళ్లలో 32 ఏళ్లు వర్జీనియా వారే అధ్యక్షులు కావడంలో ఆ లెక్క పాత్ర లేదని నాకు ఎవరైనా నచ్చజెప్పాలి. ఇక్కడ నాకు హాస్యం రావడం లేదు, క్షమించాలి.

మిమ్మల్ని మూసివేయాలని ప్రయత్నించనివారు లేరు. 1969లో ప్రతినిధుల సభ 338 - 70 తేడాతో మీ రద్దుకు సవరణ ఆమోదించింది. 1970లో సెనేట్‌లో దక్షిణాది సభ్యులు ముందుండి సాగదీసి దాన్ని ముంచారు. ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు, దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చినవారికే తమ ఎలక్టర్లను ఇస్తామని ఒప్పందం చేసుకుని, గెలుపుకు కావలసిన 270 పూర్తయ్యే రోజు కోసం ఎదురు చూస్తున్నాయి. ఏరు దాటాక తెప్ప తగలేసేవారు లోకంలో ఉంటారు గానీ, మీ తెప్ప ఎక్కినవారెవరూ దాన్ని తగలేయరు. మళ్లీ నాలుగేళ్లకు అదే ఏరు దాటాలి. జనవరి 6న ఎలక్టర్ల ఓట్లు లెక్కపెట్టే తమ స్నాతకోత్సవంలో, 2001లో గోర్, 2025లో హారిస్ ఉపాధ్యక్ష హోదాలో సభకు అధ్యక్షత వహించి, తమ ఓటమిని తామే చదివి వినిపించి కూర్చున్నారు. 2021లో అదే ఉత్సవం మీద మూకలు విరుచుకుపడితే, సెనేట్ సిబ్బంది ఓట్ల చెక్కపెట్టెలను చేతులతో మోసి కాపాడారు. మీకున్న ఆస్తి ఆ పెట్టెలే.

కావున ప్రార్థించునది ఏమనగా, తమరు రద్దయ్యేలోగా మా అమ్మాయి ఓటుకు టెక్సాస్ నుంచి ఉత్తర కరోలినాకు ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఇప్పించగలరు. ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి అక్కడే ఉంటాయి, ఓటు ఒక్కటే తమ్ముడి ఇంటికి వస్తుంది. తమకు చిరునామా లేదు గనుక 50 రాష్ట్రాల రాజధానులకు, వాషింగ్టన్‌కు కలిపి ఈ విన్నపం 51 ప్రతులు తీయించి పంపుతున్నాను. వయోమింగ్‌కు వెళ్లే ప్రతిని తమ లెక్క ప్రకారం నాలుగు ప్రతులుగా భావించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒకటిన్నర ఓటు గల ఇద్దరు పిల్లల తండ్రి