అసమీకరణంలో తప్పు లెక్కకూ టిక్కు పడుతుంది

8 ÷ 2(2 + 2) ఎంత అని ఎవరైనా పోస్ట్ పెడితే చాలు, 16 అని కొందరు, 1 అని కొందరు జుట్లు పట్టుకుంటారు. ఇంకో బ్రాకెట్ పెట్టి రాస్తే తీరిపోయే గొడవ అది. బాడ్‌మాస్ (బ్రాకెట్, గుణకారం, తీసివేత వగైరాల్లో ఏది ముందు చేయాలో చెప్పే నియమం) విషయంలో నిజంగా కొంప మునిగేది అసమీకరణాన్ని, అంటే సమానం బదులు ≤ లాంటి పోలిక గుర్తు ఉన్నదాన్ని, సరిచూసే దగ్గర. దాని మీద మాత్రం ఎవరూ కొట్టుకోరు, ఎందుకంటే అక్కడ తప్పు జరిగినట్టే తెలీదు.

సమీకరణంలో తప్పు చేస్తే సాధారణంగా దొరికిపోతాం. రెండు వైపులా సమానం రావాలి, రాదు, వెనక్కి వెళ్లి వెతుక్కుంటాం. అసమీకరణానికి అంత పట్టింపు లేదు. ≤ 4 అని ఉంటే, 4 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే చాలంటుంది. అది సరైన లెక్కలో వచ్చిందా, చెత్త లెక్కలో వచ్చిందా అని అడగదు.

5 − 2(క − 3) ≤ 4 తీసుకోండి. క స్థానంలో 2 ప్రతిక్షేపిద్దాం. ముందు బ్రాకెట్: 2 − 3 అంటే −1. తర్వాత గుణకారం: 2 × (−1) = −2. ఆఖర్న తీసివేత: 5 − (−2) = 7. ఇవన్నీ అయ్యాకే పోలిక. 7 ≤ 4 అబద్ధం, కాబట్టి 2 పనికిరాదు. తొందరలో ఉన్నవాళ్లు ఏం చేస్తారంటే, ఎడమ నుంచి చదువుకుంటూ వచ్చి 5 − 2 ను 3 చేసేస్తారు. 3 × (−1) = −3. −3 ≤ 4 నిజం. టిక్కు! అదే 5 వేస్తే అంతా తలకిందులు: సరైన లెక్కకు 1 వచ్చి నిజమవుతుంది, తప్పు లెక్కకు 6 వచ్చి అబద్ధమవుతుంది. క ≥ 3.5 రావాల్సిన జవాబు, ఒక్క తీసివేత ముందు చేసినందుకు క ≤ 13/3 అయి కూర్చుంటుంది. ఏకంగా దిక్కే మారిపోయింది.

అన్నిటికంటే దొంగ సంఖ్య 4. అది వేస్తే సరైన దారిలోనూ 3, తప్పు దారిలోనూ 3. దానొక్కదానితో సరిచూసుకున్నవాళ్లకు జన్మలో అనుమానం రాదు. అందుకే ఏదో ఒక సంఖ్య వేసి చూడమని చెప్పడం నాకు నచ్చదు. ముందు సరిహద్దు సంఖ్య 3.5 వేయాలి. 5 − 2(0.5) కచ్చితంగా 4 రావాలి, కాబట్టి అక్కడ అసమీకరణం కూడా సమీకరణమంత పట్టింపుగా ఉంటుంది. తప్పు దారిలో 1.5 వచ్చి బండారం బయటపడుతుంది. ఆ తర్వాత అటొకటి, ఇటొకటి వేస్తే దిక్కు కూడా తేలిపోతుంది.

(ఎన్ని సంఖ్యలకు నిజమైనా అన్నిటికీ నిజమని కాదు, అది వేరే సంగతి. క² ≥ క అనేది 2కు, 100కు, −7కు కూడా నిజమే. 0.5 వేయండి, 0.25 వస్తుంది. అయిపోయింది.)

ఇక రుణ సంఖ్యల వర్గం. −క² + 10 > 0 లో క = −4 వేసేటప్పుడు బ్రాకెట్ పెట్టరు, పెట్టమంటే విసుక్కుంటారు. ముందు వర్గం, తర్వాతే మైనస్: −(−4)² + 10 = −16 + 10 = −6. అంటే అసమీకరణం అబద్ధం. మైనస్‌ను కూడా వర్గంలోకి లాగేస్తే 26 వస్తుంది, నిజమైపోతుంది.

డౌటొస్తే కంప్యూటర్‌లో చూసుకుంటాం అంటారా? పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష −6 అంటుంది. ఎక్సెల్‌లో అదే వరసలో ఫార్ములా కొడితే 26 చూపిస్తుంది. ముందున్న మైనస్‌ను అది వర్గం కంటే ముందే పట్టించుకుంటుంది, అది దాని పద్ధతి. 10 − క² అని తిప్పి కొడితే అదే ఎక్సెల్ బుద్ధిగా −6 ఇస్తుంది. కాగితం మీద ఆ రెండూ ఒక్కటే. ఇంత తెలిసీ ఆ బ్రాకెట్ రాయడానికి బద్ధకిస్తే, చేసిన తప్పును సరిచూసుకునే దారి కూడా మూసుకున్నట్టే.