యువతుల గుండె ముప్పు: కాటా కన్నా టేపే నయం

30 ఏళ్ల మహిళకు గుండెజబ్బు ముప్పు ఎంతో లెక్కగడితే దాదాపు ఎప్పుడూ 'తక్కువే' అని వస్తుంది. పదేళ్ల ముప్పును అంచనా కట్టే సూత్రాల్లో వయసుదే పెద్ద వాటా మరి. అమెరికాలో 2013లో వచ్చిన సూత్రం 40 ఏళ్ల లోపు వారికి వర్తించనే వర్తించదు. 2023 నాటి 'ప్రివెంట్' మాత్రం 30 ఏళ్ల వయసు నుంచే లెక్క మొదలుపెడుతుంది, రాబోయే 30 ఏళ్ల ముప్పునూ చూపుతుంది. ఊబకాయం ఉన్న యువతి అడగాల్సింది ఈ 30 ఏళ్ల అంకె.

ఎత్తుతో పోల్చి బరువును చూపే బీఎంఐ 30కి చేరితే ఊబకాయం అంటారు. కానీ కొవ్వు ఎక్కడ చేరిందో అది చెప్పదు. తొడలు, పిరుదుల దగ్గరి కొవ్వు గుండెకు అంత కీడు చేయదు. పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకున్నదే అసలు చిక్కు. దానివల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది.

అందుకే నడుం కొలవాలి. చివరి పక్కటెముక అంచుకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య టేపు చుట్టాలి. బొడ్డును గుర్తుగా పెట్టుకోవద్దు. పొట్ట జారితే బొడ్డూ జారుతుంది, కొలత తప్పుతుంది. టేపు ఎగుడుదిగుడు లేకుండా, చర్మాన్ని నొక్కకుండా ఉండాలి. మామూలుగా ఊపిరి వదిలాక అంకె చూడాలి. పొట్ట లోపలికి లాక్కుని కొలిస్తే మోసపోయేది మనమే. ఎత్తులో సగానికి చేరితే జాగ్రత్తపడాలి: 156 సెంటీమీటర్ల ఎత్తుకు హద్దు 78. వ్యాయామం మొదలెట్టాక బరువు దిగకపోయినా ఈ కొలత తగ్గవచ్చు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా షుగరు, ట్రైగ్లిజరైడ్లలో తేడా కనిపిస్తుంది.

డాక్టర్లు తరచూ అడగని ప్రశ్న కాన్పుల గురించి. ప్రీఎక్లాంప్సియా (గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ పెరిగే జబ్బు) వచ్చినవారికి తర్వాతి కాలంలో గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. గర్భిణిగా ఉన్నప్పుడు వచ్చిన షుగరు కాన్పుతో పోయిందని వదిలేస్తారు. బిడ్డ టీకాల తేదీలు ఇంటిల్లిపాదికీ గుర్తుంటాయి, తల్లి పరీక్ష ఎవరికీ పట్టదు. కాన్పయిన 4-12 వారాల్లో 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయించాలి. మామూలుగా ఉన్నా 1-3 ఏళ్లకోసారి మళ్లీ చూడాలి. షుగరు స్థిరపడిందంటే ఈ వయసులో ఆడవారి గుండెకు ఉండే సహజ రక్షణ చాలావరకు పోయినట్టే.

బీపీ చూసేటప్పుడు పట్టీ సైజు గమనించండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపుతుంది. నిజంగానే బీపీ ఉన్నా, 35 దాటాక పొగ తాగుతున్నా ఈస్ట్రోజన్ హార్మోను ఉన్న గర్భనిరోధక మాత్రలు తగవు, వేరే పద్ధతి అడగాలి. బీపీ చూడకుండానే ఆ మాత్రలు రాస్తుంటే, ముందు చూడమనండి.