రొయ్యల మేతకి అడిగే ప్రశ్న ప్రొటీన్ డబ్బాకి ఎందుకు అడగం?

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న మా బావ మేత బస్తా దించగానే చూసేది దానికి కుట్టిన కాగితం. ముడి ప్రొటీన్ ఎంత శాతం, కొవ్వెంత, తేమెంత, ఎప్పటి సరుకు అని. పట్టుబడి అయ్యాక నోటుపుస్తకంలో ఒకటే లెక్క: కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పోయింది? ఎఫ్‌సీఆర్ అనే ఆ లెక్క ఒకటిన్నర దాటిందంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. అదే మనిషి మొన్న డిగ్రీ చదివే కొడుక్కి నెల్లూరు మాగుంట లేఔట్‌లో వేలు పోసి ప్రొటీన్ డబ్బా కొనిచ్చాడు. వెనకాల ఏం రాశారో చూశావా అంటే, "జిమ్ కోచ్ చెప్పాడులే" అన్నాడు.

డబ్బాల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది వే (whey) అనే పాల ప్రొటీన్. పాలలోని ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం కేసిన్, మిగతా 20 శాతం వే. చీజ్ చేసేటప్పుడు మిగిలే పలచని నీళ్లను వడగట్టి, ఆరబెట్టి పొడి చేస్తారు. (ఇంట్లో పనీర్ చేసి ఆ నీళ్లు తాగితే ఇదే వస్తుందని ఓ ప్రచారం ఉంది. ఆ నీళ్లలో 100 మిల్లీలీటర్లకు ప్రొటీన్ గ్రాముకు మించదు.) వే పొడి రెండు రకాలుగా దొరుకుతుంది: కాన్సంట్రేట్‌లో ప్రొటీన్ 80 శాతం దాకా, ఇంకా శుద్ధి చేసిన ఐసొలేట్‌లో 90 శాతం దాకా ఉంటుంది. ఐసొలేట్‌లో పాల చక్కెర లాక్టోజ్ దాదాపు ఉండదు. పాలు తాగితే కడుపు ఉబ్బరించే వాళ్లకి దాంతో పని ఉంది. మిగతావాళ్లు ఆ పది శాతానికి వేలు ఎక్కువ పెట్టడం నా దృష్టిలో దండగ.

శాకాహారం వైపు సోయా, బఠానీ. ఇవి కండకి పనికిరావని జిమ్‌లో కొట్టిపారేస్తారు గానీ, మేత ఫ్యాక్టరీలు ఈ చిక్కు ఎప్పుడో విప్పుకున్నాయి. ప్రొటీన్‌ని కట్టే ఇటుకలు అమైనో ఆమ్లాలు. చేపపొడి తగ్గించి సోయాపిండి వేస్తే వాటిలో ఒకటైన మెథియోనిన్ చాలదు, దాన్ని విడిగా కలుపుతారు. మనుషుల పొడిలోనూ అంతే. బఠానీకి మెథియోనిన్ తక్కువ, బియ్యం ప్రొటీన్‌కి లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ, రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. కండ తయారీని మొదలుపెట్టించే అమైనో ఆమ్లం ల్యూసిన్ మాత్రం వేలో జాస్తి, 25 గ్రాముల్లో దాదాపు రెండున్నర గ్రాములు. మొక్కల పొడి అయితే స్కూప్ కాస్త పెద్దది వేసుకోవాలి, అంతే తేడా. బీసీఏఏ పొడి గురించి ఒక్క మాట చాలు: కండ కట్టడానికి అత్యవసర అమైనో ఆమ్లాలు తొమ్మిదీ కావాలి, అందులో ఉండేవి మూడే. మాస్ గెయినర్ డబ్బాలో ఎక్కువ భాగం పిండిపదార్థమే. అన్నం చవక కదా!

అసలు టెన్షన్ పెట్టాల్సింది కొలత. మేతలోనైనా డబ్బాలోనైనా ప్రొటీన్‌ని నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి, సాధారణంగా 6.25తో హెచ్చవేస్తారు. అందుకే నత్రజని ఉండే చవక పొడులు గ్లైసిన్, టారిన్ కలిపినా అంకె పెరుగుతుంది. 2008లో చైనాలో పాలలో నత్రజని ఎక్కువున్న మెలమిన్ అనే రసాయనం కలిపింది ఈ సందు చూసుకునే. 2024లో కేరళ వైద్యులు మన దేశంలో అమ్మే 36 ప్రొటీన్ సప్లిమెంట్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. దాదాపు 70 శాతం డబ్బాల్లో లేబుల్ మీద అంకె ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. కొన్నిట్లో సగమే ఉంది. 14 శాతం నమూనాల్లో బూజు విషం అఫ్లటాక్సిన్ కనిపించింది. రొయ్యల రైతుకి ఇలాంటి మేత అమ్మి చూడండి, డీలర్ షాపు ముందు ఎంతమంది నిలబడతారో!

ఇంతకీ ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములంటుంది. బరువులెత్తే వాళ్లకి 1.6 దాటితే అదనపు లాభం లేదని 49 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ తేల్చింది. అందులోనే ఇంకో అంకె ఉంది, దాన్ని డబ్బా మీద ఎవరూ వెయ్యరు: ప్రొటీన్ అదనంగా తీసుకున్నందువల్ల, కొవ్వు తీసేసి లెక్కేస్తే, సగటున పెరిగిన బరువు 300 గ్రాములు.

మా మేనల్లుడు 65 కిలోలు. వాడికి 104 గ్రాములు చాలు. పొద్దున పల్లీ చట్నీతో దోసెలు, మధ్యాహ్నం పప్పన్నం, పెరుగు, రాత్రి చారన్నం తింటే 50 దాటడం కష్టం. ఆ లోటు నిజమే, దాన్ని కొట్టిపారెయ్యను. కానీ నాలుగు గుడ్లు 24 గ్రాములు, 50 గ్రాముల మీల్‌మేకర్ ఇంకో 26. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే నాలుగూ 28 రూపాయలు. కిలో డబ్బా 2,400 అనుకుంటే అంతే ప్రొటీన్ ఇచ్చే స్కూప్ 80. గుడ్లు ఉడకబెట్టే తినాలి. పచ్చివి గ్లాసులో కొట్టుకుని తాగితే అందులో ప్రొటీన్ సగమే ఒంటికి పడుతుంది. గుడ్డు ముట్టని ఇళ్ల పిల్లలు, కాలేజీ నుంచి నేరుగా జిమ్‌కి పరిగెత్తేవాళ్లు రోజుకో స్కూప్ వేసుకుంటే తప్పేమీ లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఏ డబ్బా ముట్టకూడదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే కనిగిరి వైపు వాళ్లకి ఈ మాట నేను చెప్పక్కర్లేదు, ముందో క్రియాటినిన్ టెస్టు (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోవడం మంచిది.

ఇదంతా బావకి చెబితే రొయ్యల లెక్కల పుస్తకం ఒకటి కొత్తది తీసి కొడుకు చేతిలో పెట్టాడు. ఏం తిన్నాడో, ఎంత ఎత్తాడో రోజూ రాయమన్నాడు. నిన్న తిరగేశాను. డబ్బా సగానికి వచ్చింది. మొదటి పేజీలో స్క్వాట్ 40 కిలోలు. మూడు వారాల తర్వాతి పేజీలోనూ 40 కిలోలే.